విద్యకు నాలుగు పాదములు



“గురువు లేని విద్య గుడ్డివిద్య” యని పెద్దలు చెప్పుదురు. ఆ మాట తలచుకొని యాత్రికులలో కొందఱు, “ఈ వయస్సున మాకు నేర్పువారెవరు? ఇక క్రొత్తవిద్య యెక్కడిది?” అని నన్ను అడుగుచుందురు. ఆ సందేహమునకు సమాధానము మన సంప్రదాయముననే కలదు. విద్యార్థి తన విద్యలో ఒక పాదమును గురువువలన, ఒక పాదమును స్వబుద్ధివలన, ఒక పాదమును తోడివారివలన, కడపటి పాదమును కాలక్రమమున పొందునని సంస్కృత పాఠశాలలో మాకు తొలినాళ్లలోనే నేర్పిరి. అనగా గురువు ఇచ్చునది నాలుగవవంతు. తక్కిన మూడు పాదములు మనము సంపాదించుకొనవలసినవే.

మా బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో పనసమొద్దును తొలిచి వీణ చేయు శిల్పుల యిండ్లలో మొదటి పాదము పుట్టుకతోనే లభించును, తండ్రియే గురువు. అయినను ఏ చెక్క యెట్లు పలుకునో చేతికి తెలియుట యేండ్ల అభ్యాసమువలననే. మరి గురువు చెంతలేని విద్య మాట యేమి? దానికి మన కళింగాంధ్రముననే గొప్ప నిదర్శనము కలదు.

గిడుగు వేంకట రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళము సమీపమున పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయి, విజయనగరమున చదువుకొని, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. ఆ సీమలోనే వంశధార యొడ్డున శ్రీముఖలింగ క్షేత్రము కలదు. చరిత్ర బోధించు ఆ యువకునకు ఆలయపు రాళ్లపైనున్న వ్రాత యేమని కుతూహలము కలిగెను. శాసనములను తామే పరిశీలించి, లిపిని బోధపఱచుకొని, గాంగరాజులను గూర్చి ఆంగ్లమున వ్యాసములు ప్రకటించిరి. ఇది స్వబుద్ధి పాదము.

సమీపపు కొండలలోని సవరల భాషయు నేర్వవలెనని వారికి కోరిక పుట్టెను. సవర, తెలుగు రెండును వచ్చిన యొకరిని తమ యింటనే నిలుపుకొని నేర్చిరి. ఆ మనిషిని లోకము పండితుడని యెంచి యుండదు. నేర్చుకొనువారికి మాత్రము అతడే ఆచార్యుడు. ఇది తోడివారి పాదము.

ఇక కాలపాదము. అడవులలో తిరుగగా వచ్చిన చలిజ్వరమునకు క్వినైను వాడుటచే వారి వినికిడి చెడెను. చెవితో నేర్వవలసిన భాష కొఱకు చెవినే కోల్పోయిరి. అయినను పని విడువలేదు. సవరబాలురకు వారి భాషలోనే చదువు చెప్పుటకై స్వంతధనముతో బడులు పెట్టిరి. సవర వ్యాకరణము 1931లో, సవర-ఆంగ్ల నిఘంటువు 1938లో వెలువడెను. అప్పటికి వారికి డెబ్బదియైదేండ్లు.

వాడుకభాషకై పోరాడిన ఆ మహనీయుని గూర్చి నేను గ్రాంథికమున వ్రాయుట చూచి కొందఱు నవ్వవచ్చును. శైలి విషయమున అభిప్రాయభేదము వేఱు. జిజ్ఞాస విషయమున ఆయన మా బోంట్లకు గురుతుల్యులు.

పదవీవిరమణానంతరము నేనును శాసనలిపి నేర్వ మొదలిడితిని. పద్ధతి సులభము. శాసనముల ఆదియందు “స్వస్తిశ్రీ”, “శకవర్షంబులు” వంటి మాటలు తఱచుగా వచ్చును. ముందు వానిని పోల్చుకొని, అవే అక్షరములను తక్కిన పంక్తులలో వెదకవలెను. తెలిసినదానినుండి తెలియనిదానికి అడుగు వేయుటయే యిందలి కిటుకు. ప్రాతఃసంధ్య ముగియగానే పావుగంట. అదే చోటు, అదే నోటుపుస్తకము, దినమునకొక అక్షరము. నిత్యకర్మకు జోడించిన అభ్యాసము తేలికగా మఱపునకు రాదు. ఒకనాడు తప్పినచో మఱునాడు రెండింటికి పూనుకొనను. మరల ఒకదానితోనే సాగుదును.

దీనివలన ఫలమేమందురా? శ్రీముఖలింగ శాసనములలో అఖండదీపములకు దానమిచ్చిన భక్తుల పేర్లు కలవు. వారు గతించి వందలయేండ్లు గడచినవి. ప్రదక్షిణము చేయువారు ఆ పేర్ల ప్రక్కనుండియే సాగిపోవుచుందురు. ఒక్క పంక్తి చదువ నేర్చినవారి నోట ఆ దాత పేరు మరల పలుకును. మన ఆలయమున మీ పేర చెక్కించిన ఫలకమునకును రేపు అట్టి పాఠకుడు కావలెను గదా!

కావున ఈ మాసమున ఒక్క ప్రశ్న నెంచుకొనుడు. నిత్యము పఠించు స్తోత్రములో అర్థమెఱుగని పదమైనను సరే, దర్శించిన గుడి స్తంభముపైనున్న అక్షరమైనను సరే. దీపారాధన పిదప పావుగంట దానికీయుడు. తెలిసినవారు మీకంటె చిన్నవారైనను అడుగుటకు సంకోచింపవలదు. మిగిలిన పాదమును కాలము పూరించును.

శుభం భూయాత్.