చెడిపోవుచున్న కంప్యూటరు డిస్కునుండి లెక్కలు తీయు విధము



బెంగుళూరు బ్రూక్‌ఫీల్డులోని మన సంఘపు అమ్మకపు కొట్టు కంప్యూటరు 2023 డిసెంబరులో తెరచుటకే అరగంట పట్టి, నడుమ నిలిచిపోసాగెను. కూలి లెక్కలు, పొదుపు నిధి చిట్టా, జాకార్డు నమూనాలు అన్నియు అందే యుండెను. వేరొక ప్రతి లేదు. ఆ తప్పు మాదే. చిట్టా పోయిన, ఏ సభ్యునికి ఎంత జమ యున్నదో చెప్పుటకు ఆధారమే యుండదు.

మరమ్మతు చేయు ఒకాయన ఫార్మాటు చేయుమనెను. అదృష్టవశమున మేము చేయలేదు. జబ్బు డిస్కుపై ఏమియు వ్రాయరాదు; విండోస్ తనిఖీని సైతము నడపరాదు. ఐ.టి.పి.ఎల్.లో పనిచేయు మన సభ్యుని కుమారుడు వచ్చి, మెట్రిక్ చదువువారమైన మాకును అర్థమగునట్లు చూపినది ఇది.

సిస్టమ్‌రెస్క్యూ అను ఉచిత లినక్సును వేరొక కంప్యూటరులో పెన్‌డ్రైవుపై ఎక్కించవలెను. (అందు మునుపున్నది చెరిగిపోవును.) ఆన్ చేయగానే బూట్ మెనూలో ఆ పెన్‌డ్రైవును ఎన్నుకొనిన, విండోస్ లేవకయే యంత్రము నడచును. చెడ్డదానికన్న పెద్దదగు మరియొక డిస్కును తగిలించి, డీడీరెస్క్యూ అను సాధనమును నడపవలెను.

పడుగు చిక్కుపడినచో మనమేమి చేయుదుము? చిక్కునే లాగుచు కూర్చుండము. బాగున్న పోగులు ముందు విడదీసి, చిక్కును పిమ్మట చూతుము. ఇదియు నంతే. చదువ వీలైన భాగములను ముందు నకలు చేసి, మొండి చోట్లకు తరువాత మరలును. ఎంతవరకు వచ్చినదో ఒక పటము ఫైలులో వ్రాసికొనును గనుక, కరెంటు పోయినను మొదటినుండి ప్రారంభింప నక్కరలేదు.

ఏది మూలమో ఏది నకలో చెప్పుటలో తారుమారైన సర్వము పోవును. లినక్సు డిస్కులకు ఎస్‌డిఎ, ఎస్‌డిబి అని పేర్లు పెట్టును; పరిమాణము చూచి, ఇద్దరు కలిసి సరిచూచుకొనుడు. డిస్కు టకటక కొట్టుకొనుచున్నచో ఈ పద్ధతి వలదు. వెంటనే ఆపి నిపుణులకే ఈయవలెను.

నకలు పూర్తియైన తరువాత టెస్ట్‌డిస్కు, ఫోటోరెక్ అనువానిని ఆ నకలుపైననే నడపవలెను. ఫోటోరెక్ ఫైళ్లను తెచ్చును గాని పాత పేర్లను తేదు. వెదకుకొనుట మన పని.

మాకు రెండు రాత్రులు పట్టినది. చిట్టా పూర్తిగా వచ్చినది. నమూనాలలో మూడు తెరువలేదు. పాత జాకార్డు అట్టలు చూచి వానిని తిరిగి గీయించుచున్నాము.