క్షమించే హక్కు ఎవరిది?

మన ఇంటివారిని ఎవరైనా హత్య చేస్తే, హంతకుని ప్రాణం కాపాడే హక్కు మనకుందా?

ఇస్లాం ధర్మశాస్త్రంలో ఉంది. ప్రాణానికి ప్రాణం కోరే హక్కు, అనగా 'ఖిసాస్', హతుని వారసులదే. వారు 'దియా' అనే రక్తపరిహారం పుచ్చుకొని గాని, ఏమీ తీసుకోకుండా గాని క్షమించవచ్చు. అలా క్షమించడం పాపపరిహారమని ఖురాను 5వ అధ్యాయం బోధిస్తుంది. మనం మెచ్చుకోవలసిన మాటే. కాని సొమ్మున్నవాడు బ్రతికి, లేనివాడు చచ్చే ప్రమాదమూ ఇందులో ఉంది.

మన దేశపు లౌకిక చట్టంలో హత్య రాజ్యంపై నేరం. 1980 నుండి అత్యంత అరుదైన కేసులలోనే ఉరి. క్షమాభిక్ష పెట్టవలసింది రాష్ట్రపతి లేక గవర్నరు. 1999లో ఒరిస్సాలో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు చిన్న కుమారులను సజీవదహనం చేసినవారిని ఆయన భార్య గ్లాడిస్ గారు క్షమించారు. అయినా 2003లో కోర్టు ముఖ్య నేరస్థునికి ఉరిశిక్ష వేసింది. 2005లో హైకోర్టు దానిని యావజ్జీవంగా మార్చింది. అదీ ఆమె క్షమను బట్టి కాదు.

2018లో జగద్గురువులు ఫ్రాన్సిస్ సత్యోపదేశ గ్రంథం 2267వ పేరాను సవరించి, మరణశిక్ష అంగీకారయోగ్యం కాదన్నారు. ఎంతటి ఘోరం చేసినా మనిషికి దేవుడిచ్చిన గౌరవం పోదు. అది బంధువుల దయతోనో, రాష్ట్రపతి సంతకంతోనో వచ్చేది కాదు. నేరస్థుని విడిచిపెట్టమని శ్రీసభ అనడం లేదు. ప్రజల రక్షణకు చెరసాల చాలునంటోంది.