ల్యాబులో నెగ్గిన నేరేడు గింజ

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్ ఉంది. నేరేడు గింజల సారం ఎంజైమును అడ్డుకుంటుందని ల్యాబులో తేలిందట. మాత్రలు మానేసి ఆ పొడి వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మాత్రలు మాన్పించకండి. ముందు ల్యాబులో ఏం తేలిందో చూద్దాం.

తిన్న పిండిపదార్థాన్ని చివరగా గ్లూకోజుగా విడగొట్టే ఎంజైముల్లో ముఖ్యమైనది చిన్నపేగుల్లోని ఆల్ఫా గ్లూకోసిడేజ్. పరీక్షలో ఈ ఎంజైముకు గింజల సారం కలిపి కాసేపు ఉంచుతారు. తర్వాత పీఎన్‌పీజీ అనే రసాయనం వేస్తారు. ఎంజైము దాన్ని విడగొడితే ద్రవం పసుపుపచ్చగా మారుతుంది. సారం అడ్డుపడితే రంగు అంతగా రాదు. 405 నానోమీటర్ల కాంతిలో ఆ రంగును కొలిచి, ఎంజైము పనిని సగానికి తగ్గించే మోతాదును లెక్కగడతారు. దీన్నే ఐసీ50 అంటారు. అది ఎంత తక్కువైతే సారం అంత బలమైనది.

చిక్కు ఇక్కడే ఉంది. చాలా పరీక్షల్లో వాడేది మనిషి ఎంజైము కాదు, ఈస్టు నుంచి తీసింది. పేగుల ఎంజైమును గట్టిగా అడ్డుకునే అకార్బోస్ మందు కూడా ఈస్టు ఎంజైము మీద అంతంతమాత్రంగానే పనిచేస్తుంది. అందుకే ఇలాంటి పరీక్షను బట్టి గింజల సారం ‘అకార్బోస్ కన్నా మేలు’ అంటే, ఆ మాటను ఉన్నపళంగా నమ్మలేం. పైగా నేరేడు గింజల్లోని వగరు టానిన్లు ఏ ప్రోటీన్‌నైనా పట్టేసుకోగలవు. అలా ఎంజైము ఆగినా, అది అసలైన మందుగుణం కాకపోవచ్చు.

మనుషుల మీద మోతాదు, భద్రత తేలాకే ఏదైనా మందవుతుంది. ఇప్పటికే పొడి వాడుతుంటే డాక్టరుగారికి తప్పక చెప్పండి. మాత్రలకు అది తోడైతే షుగర్ మరీ పడిపోవచ్చు.