పాడి, కోళ్ల శ్రామికుల పేగు బాక్టీరియాలో యాంటీబయాటిక్ నిరోధకత: చంద్రగిరి పరిస్థితులకు అన్వయం

తిరుపతి జిల్లా చంద్రగిరి మండలంలో పంట, పాడి ఒకదానినొకటి ఆధారం చేసుకొని సాగుతున్నాయి. వరి, వేరుశనగ, కూరగాయలు పండించే చిన్న, సన్నకారు కుటుంబాలు ఒకటి రెండు సంకరజాతి ఆవులను పోషించుకోవడం సర్వసాధారణం. పాలు పితకడం, పేడ ఎత్తడం, కొట్టం కడగడం, దూడలను సాకడం వంటి పనులు అధికంగా స్త్రీల చేతుల మీదుగా జరుగుతాయి. కోళ్ల షెడ్లలో పనిచేసే కూలీలు పలుచోట్ల కుటుంబాలతో సహా షెడ్డు పక్కనే నివసిస్తారు. పశువుకు, కోడికి ఇచ్చిన యాంటీబయాటిక్ ప్రభావం వాటితోనే ఆగిపోక, వాటిని పోషించే మనిషి పేగుల వరకు, అక్కడినుండి పొలం వరకు ఎట్లు విస్తరిస్తుందో, దానిని ఎక్కడ అడ్డుకోవచ్చునో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నిరోధకత విస్తరించే విధానం

మనుషుల పేగులలోను, పశుపక్ష్యాదుల పేగులలోను ఇ. కోలై బాక్టీరియా సహజంగా నివసిస్తుంది. ఈ సమూహంలో ఏదో ఒక మందును తట్టుకోగల కణాలు అతి కొద్ది సంఖ్యలో ఉండవచ్చు. యాంటీబయాటిక్ వాడినపుడు దానికి లొంగే కణాలు నశించి, లొంగని కణాలు ఖాళీ అయిన స్థలాన్ని ఆక్రమిస్తాయి. నిరోధక జన్యువులు అనేక సందర్భాలలో ప్లాస్మిడ్ అనే చిన్న వలయాకార డి.ఎన్.ఎ. మీద ఉంటాయి. ఇది ఒక బాక్టీరియా నుండి మరొక బాక్టీరియాకు, వేరొక జాతి బాక్టీరియాకు సైతం బదిలీ కాగలదు. ఒకే ప్లాస్మిడ్ మీద పలు మందులకు సంబంధించిన జన్యువులు ఉండవచ్చు కనుక, ఒక మందును వాడినా మిగిలిన మందుల పట్ల నిరోధకత కూడా నిలిచిపోతుంది.

ఇటువంటి బాక్టీరియాను మోస్తున్న వ్యక్తిలో రోగలక్షణాలేవీ కనిపించవు. అదే బాక్టీరియా మూత్రనాళంలోనో, శస్త్రచికిత్స గాయంలోనో, రక్తంలోనో ప్రవేశించినపుడు మాత్రమే అసలు ప్రమాదం బయటపడుతుంది. మూత్రనాళ వ్యాధులకు ఇ. కోలై ప్రధాన కారణం. అప్పటివరకు సులభంగా నయమయ్యే వ్యాధికి మాత్రలు పనిచేయక, ఆసుపత్రిలో ఖరీదైన ఇంజెక్షన్లు అవసరమవుతాయి. కూలి మీద బ్రతికే కుటుంబానికి ఇది భరించరాని భారం.

1976 నాటి ప్రయోగం

ఈ విషయంలో తొలి స్పష్టమైన ఆధారాన్ని అమెరికాకు చెందిన స్టువర్ట్ లెవీ, ఆయన సహచరులు 1976లో ప్రచురించారు. ఒక క్షేత్రంలో కోళ్లకు టెట్రాసైక్లిన్ కలిపిన దాణా పెట్టి, కోళ్ల మలాన్ని, క్షేత్రవాసుల మలాన్ని, ఇరుగుపొరుగువారి మలాన్ని క్రమం తప్పక పరీక్షించారు. ఒక వారంలోనే కోళ్ల పేగు బాక్టీరియా దాదాపు పూర్తిగా టెట్రాసైక్లిన్ నిరోధకతను సంతరించుకుంది. క్షేత్రవాసులలో ఈ మార్పు నెమ్మదిగా వచ్చింది. అయిదారు నెలలకు వారి నమూనాలలో 31.3 శాతంలో, 80 శాతానికి పైగా బాక్టీరియా టెట్రాసైక్లిన్‌కు లొంగనిదిగా తేలింది. పొరుగువారి నమూనాలలో ఇది 6.8 శాతం మాత్రమే. టెట్రాసైక్లిన్ ఒక్కటే వాడినప్పటికీ ఇతర మందులను తట్టుకునే బాక్టీరియా కూడా వృద్ధి చెందడం గమనార్హం. ఆ దాణాను తొలగించిన ఆరు నెలలకు పరీక్షించిన క్షేత్రవాసులలో అత్యధికుల నమూనాలలో ఈ నిరోధక బాక్టీరియా కనిపించలేదు.

కొలిస్టిన్ అనుభవం

ఇతర మందులు విఫలమైనపుడు చివరి ఆయుధంగా వాడే కొలిస్టిన్‌ను పలు దేశాలలో కోళ్ల, పందుల దాణాలో పెరుగుదల కొరకు కలిపేవారు. ఈ మందు పట్ల నిరోధకతను ప్లాస్మిడ్ ద్వారా బదిలీ చేసే ఎం.సి.ఆర్-1 జన్యువును చైనా శాస్త్రవేత్తలు 2015 నవంబరులో వెల్లడించారు. చైనా 2017లో దాణాలో కొలిస్టిన్ వాడకాన్ని నిలిపివేసింది. అక్కడి ఆసుపత్రి రోగులలో ఈ జన్యువు గల ఇ. కోలైని మోసేవారి శాతం 2016లో సుమారు 14 ఉండగా, 2019 నాటికి సుమారు 6కు తగ్గింది. భారత ప్రభుత్వం 2019 జూలైలో ఆహారోత్పత్తి పశువులలో, కోళ్లలో, ఆక్వా సాగులో, దాణాలో కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. మందు ఒత్తిడి తొలగితే నిరోధకత తగ్గే అవకాశం ఉన్నదని ఈ రెండు అనుభవాలు తెలుపుతున్నాయి.

చంద్రగిరి పరిస్థితులకు అన్వయం

పాడి ఆవులలో మందుల ఒత్తిడి దాణా ద్వారా కాక చికిత్స ద్వారా వస్తుంది. సంకరజాతి ఆవులలో పొదుగువాపు తరచుగా కనిపించే వ్యాధి. పాలు తగ్గగానే నిర్ధారణ లేకుండా ఇంజెక్షన్ వేయించడం, రెండు రోజులకు నెమ్మదించగానే చికిత్స ఆపివేయడం, అమ్మకానికి పనికిరాని మందు పాలను దూడకు పట్టడం అనే మూడు అలవాట్లు నిరోధక బాక్టీరియాకు అనుకూలిస్తాయి. మూడవ అలవాటు ముఖ్యంగా ప్రమాదకరం. స్వల్ప మోతాదు మందు దూడ పేగులలోకి చేరి, ఆ దూడ పేడను ఎత్తే చేతులకు నిరోధక బాక్టీరియా అంటుతుంది.

రెండవ మార్గం ఎరువు. సేంద్రియ కర్బనం తక్కువగా ఉన్న రాయలసీమ ఎర్రనేలలకు పశువుల ఎరువు అత్యవసరం. దానిని మానుకోమని చెప్పడం సరికాదు. అయితే ఎరువును టన్నులలోను, నత్రజని శాతంలోను లెక్కించే సిఫారసులు అది పచ్చిదా, మాగినదా అనే విషయాన్ని కూడా నిర్దేశించాలి. పచ్చి పేడ, తాజా కోళ్ల ఎరువు వేసిన మడిలో కలుపు తీసే కూలీ కొట్టంలో అడుగు పెట్టకపోయినా ఈ బాక్టీరియాకు గురికావచ్చు.

ఎరువుదిబ్బలో 50 నుండి 60 శాతం తేమ ఉంచి, అప్పుడప్పుడు తిరగవేస్తూ, లోపలి వేడిని 55 డిగ్రీల సెల్సియస్‌కు పైగా కనీసం 15 రోజులు నిలపగలిగితే ఇ. కోలై చాలావరకు నశిస్తుంది. నిరోధక జన్యువులు పూర్తిగా మాయం కాకపోయినా గణనీయంగా తగ్గుతాయి. పచ్చి ఎరువు వేయక తప్పనపుడు, అమెరికా సేంద్రియ ప్రమాణాలు నేలను తాకే పంటలకు కోతకు 120 రోజుల ముందు, ఇతర ఆహార పంటలకు 90 రోజుల ముందు వేయాలని నిర్దేశించాయి. ఆకుకూరలకు ఇంత వ్యవధి దొరకదు కనుక వాటికి మాగిన ఎరువు మాత్రమే తగినది.

విద్యార్థుల పరిశోధనకు సూచనలు

లెవీ ప్రయోగానికి బలం చేకూర్చినది పొరుగువారితో పోలిక. కాబట్టి పశుపోషకులు, అదే గ్రామంలో పశువులు లేని కుటుంబాలు, పశువులు, ఎరువు అనే నాలుగు వర్గాల నుండి నమూనాలు సేకరించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన ట్రైసైకిల్ విధానం లీటరుకు 4 మి.గ్రా. సెఫోటాక్సిమ్ కలిపిన మెకాంకీ అగార్‌పై ఇ. కోలైని పెంచి లెక్కించమంటుంది. సాధారణ ప్రయోగశాలలో ఇది సాధ్యమే. పాల్గొనేవారు ఇటీవల తామే యాంటీబయాటిక్ వాడారా అన్నది తప్పక నమోదు చేయాలి. పశువులోను, మనిషిలోను ఒకే నిరోధకత కనిపించినంత మాత్రాన అది పశువు నుండే వచ్చిందని నిర్ణయించరాదు. దానికి జన్యుక్రమ పరిశీలన అవసరం. నైతిక సంఘం అనుమతి, పాల్గొనేవారి లిఖితపూర్వక సమ్మతి తప్పనిసరి. వ్యవసాయ, పశువైద్య, వైద్య విద్యాసంస్థలు మూడూ తిరుపతిలోనే ఉన్నందున ఉమ్మడి అధ్యయనానికి ఇది అనువైన ప్రాంతం.

విస్తరణ సిబ్బంది చెప్పవలసినవి

1. పాలు పితికిన తరువాత చనుమొనలను క్రిమినాశక ద్రావణంలో ముంచాలి. పొదుగువాపు నివారణే మందుల వాడకాన్ని తగ్గించే మొదటి మెట్టు.
2. పశువైద్యుని సలహాతోనే మందు వాడి, చికిత్సను పూర్తి చేయాలి.
3. మందుపై విరామకాలం ముద్రించి లేకపోతే, నిబంధనల ప్రకారం పాలు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. ఆ పాలను దూడలకు, కుక్కలకు పోయరాదు.
4. పేడ ఎత్తిన తరువాత, భోజనానికి, పిల్లలకు పాలు పట్టడానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కొట్టానికి వేరే చెప్పులు ఉంచుకోవాలి.
5. జ్వరానికో, మూత్రంలో మంటకో వైద్యుని వద్దకు వెళ్లినపుడు తాము పశువుల పని చేస్తున్నట్లు చెప్పాలి.

ముగింపు

కొట్టంలో పనిచేసే స్త్రీ ఆరోగ్యం, దూడకు పట్టే పాలు, పొలానికి తోలే ఎరువు ఒకే గొలుసులోని కడియాలు. నిరోధకత ఏర్పడిన తరువాత కూడా దానిని తగ్గించవచ్చునని అనుభవం చెబుతున్నది కనుక నిరాశకు తావు లేదు. అయితే కొత్త యాంటీబయాటిక్‌లు అరుదుగా వెలువడుతున్న ఈ కాలంలో జాప్యానికి కూడా తావు లేదు. ఎరువు సిఫారసు చేసే ప్రతి సందర్భంలోను దానిని ఎత్తే చేతుల రక్షణను కూడా సిఫారసు చేయడం వ్యవసాయ విస్తరణ బాధ్యతలో భాగం కావాలి.