బడి పుస్తకంలోని నల్లచుక్కల గుర్తు: మీ ఫోన్‌తో తెరిచి చూడండి



బడి తెరిచినప్పుడు మీ బిడ్డకు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్ ఇస్తారు. బ్యాగు బాగుందా, బూట్ల సైజు సరిపోయిందా అని అందరం చూస్తాం. పుస్తకాలకు అట్టలు కూడా వేస్తాం. అదే పుస్తకంలో పాఠం దగ్గర చదరంగా, నల్లచుక్కలతో ఒక గుర్తు ఉంటుంది. కిరాణా కొట్లో ఫోన్‌పే కోసం అంటించిన గుర్తు లాంటిదే. "అది దేనికి సార్, డబ్బులు కట్టాల్నా?" అని ఆళ్లగడ్డలో ఒక అక్క నన్నడిగింది. తప్పు ఆమెది కాదు. నేను రాసిన కరపత్రంలోనే కిట్ వస్తువుల జాబితా అంతా ఉంది, ఈ గుర్తు ఊసు మాత్రం లేదు. అందుకే ఈ పీడీఎఫ్.

పైసా కట్టక్కర్లేదు. ఆ గుర్తు 'దీక్ష' అనే యాప్‌కు దారి. దీక్షను కేంద్ర విద్యాశాఖ 2017లో మొదలుపెట్టింది. ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు అందులో ఉంటాయి.

ఎలా తెరవాలి?

ప్లే స్టోర్‌లో దీక్ష యాప్ దించుకోండి. భాష తెలుగు, బోర్డు ఆంధ్రప్రదేశ్, ఆ తర్వాత మీడియం, తరగతి ఎంచుకోండి. లాగిన్ లేకుండానే పాఠాలు చూడొచ్చు. యాప్‌లోని స్కానర్‌ను నొక్కి కెమెరాను పుస్తకం మీద పెడితే పాఠం వస్తుంది. గుర్తు మీద ఇంకు పడినా, కాగితం చిరిగినా దాని కింద ఆరు అక్షరాల కోడ్ ఉంటుంది, అది టైప్ చేసినా చాలు.

అసలు చిక్కు యాప్‌తో కాదు, ఫోన్‌తో. చాలా ఇళ్లలో ఉన్నది ఒకటే స్మార్ట్‌ఫోన్. అది పొద్దున్నే నాయనతో పాటు పనికి పోతుంది, రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరుతుంది. అప్పటికి బిడ్డ నిద్రపోతుంటాడు. దీనికి ఒక ఉపాయం ఉంది. సిగ్నల్ బాగా ఉన్నచోట, మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు, రెండు పాఠాలు యాప్‌లోనే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఇంట్లో నెట్ లేకున్నా అవి ఆడతాయి. పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు మొబైల్ డేటా ఆపేయండి. పాఠం అయిపోగానే రీల్స్‌లోకి జారిపోయే దారి మూసుకుపోతుంది. వారానికి మూడు సాయంత్రాలు, పావుగంట చొప్పున చాలు. రోజూ గంట అని మొదలుపెట్టిన ఇళ్లలో రెండో వారానికే ఆగిపోవడం చూశాను.

స్మార్ట్‌ఫోన్ అసలే లేదా? ఇంటి మీద నెలబిల్లు లేని డీడీ ఫ్రీ డిష్ ఉంటే, పీఎం ఈ-విద్య ఛానళ్లలో పాఠాలు వస్తాయి.

బడిలో టీవీ ఉంది కదా, ఇంట్లో ఎందుకు?

నాడు-నేడు పనులు జరిగిన బడుల్లో 2023 నుంచి ప్రాథమిక తరగతులకు స్మార్ట్ టీవీలు, ఆరో తరగతి నుంచి వేలితో తాకి నడిపే పెద్ద తెరలు పెట్టారు. మంచిదే. కానీ తెర ఉన్నంత మాత్రాన చదువు రాదు. పెరూ దేశంలో పిల్లలకు లక్షల లాప్‌టాప్‌లు పంచారు. 2012లో వెలువడిన అధ్యయనంలో చూస్తే లెక్కల్లో, భాషలో ఆ పిల్లలు మిగతావారికంటే ముందుకు పోలేదు. కాబట్టి వీడియో చూశాక బిడ్డ పక్కన ఒక మనిషి ఐదు నిమిషాలు కూర్చోవాలి. ఆ ఐదు నిమిషాలే కీలకం.

"మాకు చదువు రాదు కదా" అంటారు చాలామంది. దానికి చదువు అక్కర్లేదు. ఆళ్లగడ్డలో రాతి శిల్పాలు చెక్కే ఇంట్లో టేపు లేకుండా ఉంటుందా? కొలతల పాఠం అయ్యాక ఆ టేపు బిడ్డ చేతికివ్వండి. పీఠం పొడవు ఎన్ని అంగుళాలు, సెంటీమీటర్లలో ఎంత, కొలిచి చెప్పమనండి. ఉలి పెట్టేముందు రాయి మీద గీత ఎందుకు గీస్తారో మీరు చెప్పండి. నంద్యాలలో సోనా బియ్యం 25 కిలోల బస్తా ఇంట్లో ఉంటుంది. రోజుకు కిలోన్నర వండితే ఎన్ని రోజులొస్తాయి? పదహారు రోజులకు 24 కిలోలు అయిపోతాయి, ఒక కిలో మిగులుతుంది. ఆ మిగిలిన కిలో దగ్గరే పిల్లలు తడబడతారు. భాగహారంలో శేషం అంటే అదే అని వాళ్లకు అప్పుడు తెలుస్తుంది.

చదవడం కోసం గూగుల్ వారి రీడ్ అలాంగ్ యాప్ ఉంది, తెలుగులోనూ పనిచేస్తుంది. బిడ్డ గట్టిగా చదువుతుంటే అది వింటుంది, తప్పిన పదాన్ని పలికి చూపిస్తుంది. అక్షరం రాని అవ్వ పక్కన కూర్చుని "ఇంకో కథ చదువు నాయనా" అంటే చాలు. మూడో తరగతి దాటేలోపు ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలి, చిన్న లెక్కలు చేయాలి అన్నది 2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యం. దానికి గడువు 2026-27. మీ బిడ్డ ఇప్పుడు రెండో తరగతిలో ఉంటే ఎక్కువ సమయం లేదు. మూడో తరగతిలో చదవలేని బిడ్డకు ఆరో తరగతి సైన్స్ పుస్తకం గోడలా కనిపిస్తుంది.

మన పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. కొందరు తల్లిదండ్రులు ఇంగ్లీషు వీడియోలే పెట్టమంటారు. నా అభిప్రాయం వేరు. ముందు తెలుగులో చూడనివ్వండి, అర్థమయ్యాక అదే పాఠం ఇంగ్లీషులో చూపించండి.

సమయం మించనివ్వకండి. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆన్‌లైన్ పాఠాలు రోజుకు 30 నుంచి 45 నిమిషాల సెషన్లు రెండుకు మించొద్దని 2020లో కేంద్రం ఇచ్చిన 'ప్రజ్ఞత' మార్గదర్శకాలు చెప్పాయి. పడుకుని, చీకట్లో ఫోన్ చూడనివ్వొద్దు.

ఇంకో ముఖ్యమైన మాట. "తల్లికి వందనం డబ్బులు పడాలంటే ఈ లింకు నొక్కండి", "ట్యాబ్ కోసం ఓటీపీ చెప్పండి" అంటూ వచ్చే మెసేజ్‌లను నమ్మకండి. పథకం వివరాలకు మీ సచివాలయంలో అడగండి, లేదా మన మిత్ర వాట్సాప్ 9552300009లో చూడండి. డబ్బు పోయిందని తెలియగానే 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. బిడ్డ చేతికి ఫోన్ ఇచ్చేముందు ఫోన్‌పే, బ్యాంకు యాప్‌లకు లాక్ వేసుకోండి.