పాత కేసెట్టుకు ధర కట్టడమెలా?

పిల్లలూ! గుంటూరు మిర్చి యార్డుకు మీ నాన్నగారితోగానీ, తాతగారితోగానీ ఎప్పుడైనా వెళ్లారా? వ్యాపారి వచ్చి టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీస్తాడు. రంగు చూస్తాడు. ఒక కాయను విరిచి, బాగా ఎండిందో లేదో చూస్తాడు. తాలు కాయలు ఎన్ని కలిశాయో చూస్తాడు. ఆ తరువాతే ధర చెబుతాడు. తన సరుకు గుణం తనకే తెలియని రైతు అక్కడ నష్టపోతాడు.

ఇప్పుడొక సంగతి ఊహించండి. అటక మీద దుమ్ముపట్టిన పెట్టెలో మీకొక పాత వీడియోగేమ్ కేసెట్టు దొరికింది. పాత సామాన్లు కొనేవాడు "యాభై రూపాయలిస్తాను" అన్నాడు. పక్కింటి అన్నయ్య "అమ్మకు, లక్షలు పలుకుతుంది!" అన్నాడు. ఎవరి మాట నమ్మాలి? ఎవరి మాటా నమ్మనక్కరలేదు. యార్డు పద్ధతిలో మనమే పరీక్షించి తేల్చుకుందాం.

లోపల ఏముంది?

1983లో జపానులో నింటెండో కంపెనీ ‘ఫ్యామికామ్’ అనే ఆటల యంత్రాన్ని విడుదల చేసింది. దాన్ని అనుకరించి తయారైన యంత్రాలు 1990ల నాటికి మీడియా వంటి పేర్లతో మన పట్టణాలకూ వచ్చాయి. యంత్రాన్ని టీవీకి తగిలించి, పైన కేసెట్టు గుచ్చి ఆడుకునేవారు.

కేసెట్టు అన్నామేగానీ అందులో టేపు ఉండదు. ఒక చిన్న బోర్డు, దాని మీద చిప్పులు ఉంటాయి. ఈ చిప్పును ‘రోమ్’ అంటారు. ఆట నియమాలు, బొమ్మలు, సంగీతం అన్నీ ఫ్యాక్టరీలోనే అందులో అచ్చుపోసినట్టు నిలిచిపోతాయి. వాటిని యంత్రం చదవగలదు గాని మార్చలేదు. బాగా సాదా కేసెట్టులో పట్టేది 40 కిలోబైట్లే. నేడు సెల్‌ఫోనుతో తీసే ఒక్క ఫొటో దానికి పదుల రెట్లుంటుంది!

అంత కొద్ది చోటులో ఎంత తెలివి దాచారో ‘లోడ్ రన్నర్’ ఆటలో చూడండి. దీన్ని డగ్లస్ స్మిత్ రూపొందించగా 1983లో అమెరికాలో బ్రోడర్‌బండ్ సంస్థ కంప్యూటర్ల కోసం విడుదల చేసింది. 1984లో హడ్సన్ సంస్థ ఫ్యామికామ్‌కు తెచ్చింది. ఇందులోని మనిషి గెంతలేడు. నిచ్చెనలెక్కుతాడు, తాళ్లకు వేలాడతాడు, తన కుడి ఎడమల నేలలోని ఇటుకను తవ్వుతాడు. తవ్విన గొయ్యి కాసేపటికి పూడిపోతుంది. కాపలావాళ్లకు చిక్కకుండా బంగారమంతా ఏరుకోవాలి.

మరి రెండు వరసల ఇటుకలు దాటి కిందికి దిగాలంటే? ఒక్క గొయ్యిలో దిగితే పక్కన గోడ అడ్డు, ఇక తవ్వలేం. కాబట్టి పై వరసలో పక్కపక్కనే రెండు గోతులు తవ్వి, వాటిలో దిగి కింది వరసలో ఒకటి తవ్వాలి. మూడు వరసలకైతే పైన మూడు కావాలి. అదీ గోతులు పూడేలోపల! బావి లోతు పెరిగేకొద్దీ పైన వెడల్పు పెంచే పనివాడి తెలివి ఇదే గదా!

మూడు పరీక్షలు

మొదటిది, అసలా నకలా అన్నది. బోర్డు మీద చిప్పుకు బదులు గట్టిపడిన నల్లని బంక బొట్టు కనిపిస్తే అది నకలు కావచ్చు. అయితే కొన్ని అసలు కేసెట్లలోనూ ఇలాంటి బొట్టు ఉంటుంది. అందుకే చీటీ అచ్చు, ప్లాస్టిక్ పోత, బోర్డు మీది అంకెలు కూడా కలిపి చూడాలి. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదు. చీటీ మీద వందల ఆటలని ఉన్నా, అవే కొన్ని ఆటలు వేర్వేరు పేర్లతో తిరిగి వచ్చే కేసెట్లు ఆ రోజుల్లో చాలానే ఉండేవి.

రెండవది, స్థితి. పనిచేస్తున్నదా? చీటీ చిరిగిందా? అట్టపెట్టె, సూచనల పుస్తకం ఉన్నాయా? పత్తికి పింజ పొడవు, తేమ చూసినట్టే ఇదీను.

మూడవది, అరుదుదనం. పాతదైనంత మాత్రాన ఖరీదైనది కాదు. ఫ్యామికామ్ లోడ్ రన్నర్ జపానులో పది లక్షలకు పైగా అమ్ముడైంది. కాబట్టి విడి కేసెట్టు సులువుగా దొరుకుతుంది, ధరా తక్కువే. 1990లో నింటెండో పోటీల కోసం చేసిన కేసెట్లలో ఫైనలుకు చేరినవారికిచ్చిన బూడిదరంగువి 90 మాత్రమే. వాటి కోసం సేకర్తలు పోటీపడతారు. 2021లో అమెరికాలో సీలు విప్పని ‘సూపర్ మారియో 64’ కేసెట్టు ఒకటి వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లు పలికింది. అన్నయ్య చెప్పే లక్షలు ఇలాంటి వార్తల నుండి వచ్చినవే. కాని అది సీలు కూడా చెదరని కేసెట్టు. మన అటక మీది కేసెట్టు కాదు.

లెక్క వేద్దాం

అడిగే ధర వేరు, అమ్ముడైన ధర వేరు. రెండవదే లెక్క. ఒకే రకం, ఒకే స్థితిలో ఉన్న ఏడు కేసెట్లు ఈ ధరలకు అమ్ముడయ్యాయని అనుకుందాం: 300, 350, 400, 400, 450, 500, 4,600 రూపాయలు. సగటు కడితే 1,000 వస్తుంది. కాని ఏడింటిలో ఆరు 500కు మించలేదు! ఒక్క పెద్ద అంకె సగటును పైకి లాగింది. వరసలో నడిమి అంకె, అంటే మధ్యగతం, 400. న్యాయమైన ధరకు ఇదే దగ్గర. యాభై అన్నవాడూ, లక్షలన్నవాడూ ఇద్దరూ తప్పేనన్నమాట.

జాగ్రత్త చేయండి

కేసెట్టు ఆడకపోతే నోటితో ఊదడం చాలామందికి అలవాటు. అది మంచిది కాదు. ఊపిరిలోని తేమ లోహపు అంచులకు అంటి, కాలక్రమేణా వాటిని పాడుచేస్తుంది. యంత్రం ఆపి, కేసెట్టు బయటకు తీసి, పెద్దల సమక్షంలో ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూది చుట్టిన పుల్లతో అంచులు తుడవండి. పూర్తిగా ఆరిన తరువాతే గుచ్చండి. ఎండ తగలని పొడిచోట దాచండి.

చివరికొక మాట. నాలుగు వందలే గదా అని పారవేయకండి. మీ అమ్మగారో, మామయ్యగారో పత్తితీతల సెలవుల్లో అరుగు మీద స్నేహితులను కూడగట్టి ఆడిన ఆట అదే కావచ్చు. వారినే అడిగి, ఎప్పుడు కొన్నారో, ఎవరెవరు ఆడారో ఒక కాగితం మీద రాసి కేసెట్టుతోపాటు ఉంచండి. ధర కట్టేది బజారు. ఆ కాగితం విలువ కట్టవలసింది మీరే.

ఆలోచించండి: పై లెక్కలో 4,600 బదులు 9,200 ఉంటే సగటు ఎంత? మధ్యగతం ఎంత? రెండింటిలో ఏది మారలేదు, ఎందుకు?