నోరు విప్పితేనే జపనీస్

జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీలో మాట్లాడే భాగం లేదు. జపాన్‌లో చదువనగానే, ఉద్యోగమనగానే మనవాళ్లు ముందుగా తలచుకునే ఆ పరీక్షలో పదాలు, వ్యాకరణం, చదివి అర్థం చేసుకోవడం, విని అర్థం చేసుకోవడం ఉంటాయి. ఇచ్చిన జవాబుల్లోంచి సరైనది గుర్తుపడితే చాలు. అందుకే ఎన్3 స్థాయి సర్టిఫికెట్ చేతిలో ఉన్నా, ఇంటర్వ్యూలో 'మీ ఊరి గురించి చెప్పండి' అనగానే కొందరికి మాట పెగలదు. వాళ్లకు తెలివి తక్కువై కాదు. ఆ పని వాళ్లచేత ఎవరూ చేయించలేదు.

కెనడాలో ఏళ్ల తరబడి ఫ్రెంచి మాధ్యమంలో చదివిన ఇంగ్లిష్ ఇళ్ల పిల్లల్ని గమనించి, మెరిల్ స్వెయిన్ అనే భాషా పరిశోధకురాలు 1985లోనే ఇలాంటి సంగతి రాశారు. విన్నదంతా చక్కగా అర్థం చేసుకునే ఆ పిల్లలు సొంతంగా మాట్లాడాల్సి వస్తే మాత్రం వ్యాకరణంలో తప్పులు చేసేవారు. మాట బయటికి తీయబోయినప్పుడే మనకు రానిదేమిటో మనకు తెలుస్తుందని ఆవిడ వాదించారు. జపనీస్ నేర్చుకుంటున్నవాళ్లకు నేను మొదట చెప్పేది కూడా అదే. మొత్తం నేర్చుకున్నాక మాట్లాడదామని ఆగకండి. మీతో మాట్లాడే మనిషిని ముందే వెతుక్కోండి.

ఆ మనిషే లాంగ్వేజ్ ఎక్స్ఛేంజ్ పార్ట్‌నర్. వారికి మీ భాష కావాలి, మీకు వారి భాష కావాలి. సగం సమయం వారిది, సగం మీది. డబ్బు ప్రసక్తి లేదు. హలోటాక్, టాండెమ్ లాంటి యాప్‌లలో ఇలాంటివారు దొరుకుతారు. జర్మనీలోని బోఖుమ్ విశ్వవిద్యాలయం 1990లలో ఈ పద్ధతిని ఈ-మెయిల్ ద్వారా నడిపించినప్పుడు రెండు నియమాలు పెట్టుకున్నారు: ఇచ్చిపుచ్చుకోవాలి, ఎవరి చదువుకు వారే బాధ్యులు కావాలి. మొదటిది అందరూ ఒప్పుకుంటారు. చాలామంది తప్పేది రెండో దాని దగ్గరే. పార్ట్‌నర్‌ను జీతం లేని మాస్టారుగా చూస్తారు. 'వ', 'గ' ప్రత్యయాలకు తేడా ఏమిటని వారిని నిలదీయకండి. తెలుగులో 'కి' ఎక్కడ, 'కు' ఎక్కడ అని అడిగితే మనలో ఎంతమందిమి సూత్రం చెప్పగలం? 'ఈ రెంటిలో మీరైతే ఏది అంటారు?' అని అడగండి. వెంటనే జవాబు వస్తుంది. సూత్రం పుస్తకంలో చూసుకోవచ్చు.

మన దగ్గర ఇవ్వడానికి ఏముందన్న సంకోచం వద్దు. ఇంగ్లిష్ ఇవ్వొచ్చు, చాలామంది అదే అడుగుతారు. కానీ యాప్‌లో పెట్టే మీ పరిచయంలో తెలుగు నేర్పుతానని కూడా తప్పకుండా రాయండి. 'ఆర్ఆర్ఆర్' 2022 అక్టోబరులో జపాన్ థియేటర్లకు వెళ్లింది. 2024 జనవరిలో తకరజుకా నాటక బృందం దాన్ని రంగస్థలం మీదికే తెచ్చింది. తెలుగు సినిమాను ప్రేమించే జపనీయులు ఉన్నారు, వాళ్లలో ఆ పాటల మాటలు తెలుసుకోవాలనుకునేవాళ్లూ ఉన్నారు. అలాంటివారు దొరికితే కబుర్లకు కొదవే ఉండదు.

మనకున్న పెద్ద బలం ఒకటుంది, దాన్ని మనం వాడుకోవడం లేదు. పాఠాలు ఇంగ్లిష్‌లో చదువుతాం కాబట్టి వాక్యాన్ని ముందు ఇంగ్లిష్‌లో అల్లి, తర్వాత తలకిందులు చేసి జపనీస్‌లోకి తెస్తాం. అంత అవస్థ దేనికి? నిన్న కొన్న పుస్తకం అనడానికి వాళ్లు 'కినో కత్త హొన్' అంటారు. కినో నిన్న, కత్త కొన్న, హొన్ పుస్తకం. వరుస మారలేదు. తిని చూడు అనడానికి 'తబెతె మితె' అంటారు. తబెతె తిని, మితె చూడు. క్రియ చివరికి వస్తుంది, ప్రత్యయం నామవాచకం వెనక చేరుతుంది, కర్తను చెప్పకుండా వదిలేసినా ఎవరూ తికమకపడరు. హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు మనకు పుట్టుకతో వచ్చినవే. 'ఒబసన్' అంటే పిన్నో అత్తో, 'ఒబాసన్' అంటే అవ్వ. ఈ తేడా ఇంగ్లిష్‌వాళ్లు కష్టపడి నేర్చుకోవాలి, మన చెవి దాన్ని ఇట్టే పట్టేస్తుంది. పార్ట్‌నర్‌తో మాట్లాడేంతసేపూ తెలుగులోంచి నేరుగా జపనీస్‌లోకి వెళ్లండి.

ఇక అసలు జాగ్రత్త మర్యాదల దగ్గర ఉంది. మీరు మొదటి వాక్యం పలకగానే అవతలివారు 'నిహొంగొ జోజు దెస్ నె' అని మెచ్చుకుంటారు. మీ జపనీస్ బాగుందని అర్థం. దాన్ని ఆదరంగా తీసుకోండి గానీ యోగ్యతాపత్రం అనుకోకండి. కొత్తగా పరిచయమైన మనిషి తప్పులెంచడం చాలామంది జపనీయులకు ఇబ్బంది. మీరు అడగనిదే దిద్దరు. అందుకే మొదటి రోజే 'మచిగయెతర నవొషితె కుదసాయ్' అనండి, తప్పు పలికితే దిద్దమని. ఎలా దిద్దాలో కూడా మాట్లాడుకోండి. మాట మధ్యలో ఆపవద్దని, ముఖ్యమైన తప్పులు రెండో మూడో రాసిపెట్టుకుని చివర్లో చెప్పమని అడగడం నా లెక్కలో మంచిది. ప్రతి మాటకూ దిద్దుబాటు పడితే మాట్లాడాలన్న ఉత్సాహమే చచ్చిపోతుంది.

వినడం కూడా మాట్లాడటంలో భాగమే అక్కడ. జపనీయులు మాట్లాడుతుంటే మధ్యమధ్య ఊ కొట్టాలి. 'హాయ్' (అవును), 'సో దెస్ నె' (అవును కదా) అంటూ ఉండాలి. శ్రద్ధగా వింటున్నానని మీరు నోరు మూసుకుని కూర్చుంటే ఫోన్ కట్టయిందేమో, అర్థం కాలేదేమో అని వారు ఆగిపోతారు. ఊ కొడితేనే కథ ముందుకు సాగిన ఇళ్లలో పెరిగినవాళ్లం, ఇది మనకు కష్టం కాదు. వారి పేరుకు 'సన్' చేర్చండి, మీ పేరుకు చేర్చుకోకండి. మన పేరుకు మనమే గారు తగిలించుకుంటామా? 'అనత' (మీరు) అని ఎదుటివారిని పిలవడం తగ్గించి పేరుతో పిలవండి.

ఒక్కరితోనే మాట్లాడుతూ పోతే వారి తీరే మీకు పట్టుబడుతుంది. తెలియదు అనడానికి ఒసాకా మనిషి 'వకరనాయ్' బదులు 'వకరహెన్' అనొచ్చు. ఆడవారి మాటతీరు మగవాళ్లకూ, మగవారి తీరు ఆడవాళ్లకూ తెలియకుండానే అంటుకుంటుంది. ఇద్దరు ముగ్గురు పార్ట్‌నర్లు ఉంటే మంచిది. ఎవరితోనైనా మొదట 'దెస్', 'మస్' అనే గౌరవ రూపాల్లోనే మాట్లాడండి. చనువు మాటలు వారు మొదలుపెట్టాక మీరూ అందుకోవచ్చు.

ఏం మాట్లాడాలో ముందే అనుకోకపోతే 'ఏం తిన్నారు, వాతావరణం ఎలా ఉంది' దగ్గరే కాలం గడిచిపోతుంది. వారానికి ఒక విషయం పెట్టుకోండి. భాషా బోధకుడు పాల్ నేషన్ ప్రచారంలోకి తెచ్చిన అభ్యాసం ఒకటుంది: ఒకే సంగతిని ముందు నాలుగు నిమిషాల్లో, మళ్లీ మూడు నిమిషాల్లో, మళ్లీ రెండు నిమిషాల్లో, ప్రతిసారీ కొత్త మనిషికి చెప్పడం. ముగ్గురు పార్ట్‌నర్లు ఉంటే ఇది ఇంట్లో కూర్చునే చేయొచ్చు. మూడోసారికి మీ నాలుక తేలికపడటం మీకే తెలుస్తుంది. ఫోన్ పెట్టేశాక ఆ సంభాషణను అయిదారు వాక్యాల్లో రాసి పంపండి, వారు దిద్ది పంపుతారు. వారి తెలుగునో ఇంగ్లిష్‌నో మీరూ అంతే ఓపికగా దిద్దాలి.

అమ్మాయిలకు ఒక మాట. భాష పేరు చెప్పి వేరే ఉద్దేశంతో వచ్చేవాళ్లు ఈ యాప్‌లలో ఉంటారు. ఫోన్ నంబరు, చిరునామా ఇవ్వకండి. మాట తేడాగా అనిపిస్తే మొహమాటపడకుండా బ్లాక్ చేయండి.

జపాన్ గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. మన రాత్రి భోజనాల వేళకు అక్కడ నిద్రపోయే సమయం అవుతుంది, సెలవు రోజు ఉదయాలే ఇద్దరికీ అనువు. జపనీస్ లిపిలోని హిరగన అక్షరాలు వచ్చాయా? మీ పేరు, ఊరు, చేసే పని, ఇష్టమైన సినిమా, జపనీస్ ఎందుకు కావాలో చెప్పే అయిదు వాక్యాలు ఈ వారమే రాసుకోండి. వచ్చే ఆదివారం ఉదయం ఏడింటికి, అంటే అక్కడ పదిన్నరకు, ఆ అయిదు వాక్యాలూ ఒక మనిషికి చెప్పండి.